తిండిపోతుకు పస్తు

కైరవాన్,
ఏప్రిల్ 22

దుర్సాఫ్ తల్లికి,

మీ నాన్న నీకు ఫోన్ చేసే ఉంటాడు. ఏం చెప్పాడో తెలియదు కానీ ఏడ్చి మాత్రం ఉంటాడు. రిటైరైన లెక్కల మాస్టారు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ముక్కు చీదుతుంటే, రోగం ఈ అక్కకా ఆ తమ్ముడికా అని వచ్చేపోయేవాళ్ళంతా మమ్మల్నే చూశారు. అందుకని అసలు సంగతి నేనే రాస్తున్నాను. నాకు ఎడమ రొమ్ములో క్యాన్సర్ గడ్డ ఉంది. నిమ్మకాయంత. రంజాన్ నెలాఖరులో నూనె బాణలి ఎత్తుతుంటే చేతికి తగిలింది. అప్పటికి పండగ మక్రూద్ మిఠాయి ఆర్డర్లు మూడొందల పెట్టెలు మిగిలి ఉన్నాయి. అవన్నీ ఇచ్చాకే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నువ్వు తిట్టకు, సూస్‌లో డాక్టరమ్మ ఇప్పటికే తిట్టింది. మూడు వారాలకొకసారి చొప్పున ఆరుసార్లు మందు ఎక్కిస్తారట. గడ్డ చిన్నదయ్యాక కోసి తీసేస్తారట.

నాకు ఫోన్ చెయ్యొద్దు. ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నేను నిన్ను ఊరుకోబెట్టాలి, నాకంత తీరిక లేదు. కాగితం మీద రాయి. లారూసీ రోజూ వ్యానులో మనుషుల్ని ఎక్కించుకుని ట్యూనిస్ వస్తాడు కదా, స్టాండులో అతని చేతికివ్వు. ఈ ఉత్తరంతో పాటు ఒక పెట్టె మక్రూద్ కూడా అతనికే ఇచ్చాను. దారిలో రెండు తింటాడు, లెక్క చూడకు.

ఇప్పుడు అసలు మాట. నువ్వు తొమ్మిదేళ్ళుగా ట్యూనిస్ ల్యాబులో ఈ కణాలనే పళ్ళాల్లో పెట్టి పెంచుతున్నావు. నీ పని ఏమిటని మా ఇంట్లో ఒక్కరం అడగలేదు. పెళ్ళెప్పుడని మాత్రం అడిగాం. ఇప్పుడు సిగ్గుపడుతూ అడుగుతున్నాను: అది ఏం తింటుంది? ముప్పై ఎనిమిదేళ్ళుగా రవ్వలో ఖర్జూరం ముద్ద పెట్టి, నూనెలో వేయించి, పాకంలో ముంచి ఊరందరికీ తినిపిస్తున్నదాన్ని. ఎవడు ఎలాంటివాడో వాడు తినే తీరు చూసి చెప్పగలను. ఈ తిండిపోతు సంగతి కూడా నాకు తెలియాలి. కొట్టులో కొత్తగా చేరిన పిల్లకు చెప్పినట్టు చెప్పు. అబద్ధం మాత్రం చెప్పకు.

మీ అత్త
మన్నూబియా


ట్యూనిస్,
ఏప్రిల్ 29

అత్తా,

కాగితం మీద కూడా ఏడవచ్చని నీకు తెలియదు. ఇది మూడో కాగితం, మొదటి రెండూ తడిసిపోయాయి. ఇక ఏడవను. నువ్వు అడిగింది చెబుతాను.

నీ ఒంట్లో మామూలు కణం చక్కెరను పూర్తిగా కాలుస్తుంది. గాలి బాగా ఆడే పొయ్యిలో కట్టె తెల్లటి బూడిద అయ్యేదాకా కాలుతుంది చూడు, అలా. కొంచెం చక్కెరతోనే బోలెడు శక్తి వస్తుంది. క్యాన్సర్ కణం అలా కాదు. గాలి పుష్కలంగా ఉన్నా సరే, కట్టెను సగం కాల్చి బయటికి లాగేస్తుంది. మిగిలిన దాంట్లో చాలావరకు పుల్లటి ద్రవంగా చుట్టూ కక్కేస్తుంది. మెట్లెక్కితే పిక్కలు మండుతాయే, ఆ పులుపే. వందేళ్ళ కిందట దీన్ని మొదట చూసినవాళ్ళు ఆ కణాలకు పొయ్యి పాడైందనుకున్నారు. చాలాసార్లు పొయ్యి బాగానే ఉంటుంది అత్తా. దానికి కావలసింది వేడి ఒక్కటే కాదు, కలప. ఒక కణం రెండు కావాలంటే గోడలు కావాలి, గదులు కావాలి. పూర్తిగా కాల్చేస్తే కట్టడానికి ఏమీ మిగలదు. అందుకని సగంలో ఆపి ఆ ముక్కల్తో తన ఇల్లు కట్టుకుంటుంది. అంత దుబారా చేస్తుంది కాబట్టి అంత చక్కెర కావాలి. మామూలు కణాలకంటే ఎన్నో రెట్లు లాక్కుంటుంది. ఒంట్లో అది ఎక్కడుందో వెతకడానికి డాక్టర్లు గుర్తు పెట్టిన చక్కెరనే సూదితో ఎక్కించి, ఎక్కడ పోగవుతుందో ఫోటో తీస్తారు. దాని తిండి యావే దాన్ని పట్టిస్తుంది.

ఇంకో మాట, ఇది ఇంకా మా పెద్దసారుకి కూడా చెప్పలేదు. నీ గడ్డలాంటి కణాలకే ఈ వారం నా పళ్ళెంలో చక్కెర పూర్తిగా ఆపేశాను. ఇవాళ నాలుగో రోజు. సగానికి పైగా చచ్చాయి! మైక్రోస్కోపు కింద ముడుచుకుపోయి తేలుతున్నాయి. నీ పేరు చెప్పుకుని చూశాను. తీపి లేకపోతే వాటికి బతుకు లేదు అత్తా.

మక్రూద్ పద్నాలుగు వచ్చాయి. లారూసీ రెండు కాదు, ఆరు తిన్నాడు.

నీ దుర్సాఫ్


కైరవాన్,
మే 20

దుర్సాఫ్‌కి,

నీ ఉత్తరాన్ని కొట్టులో అందరి ముందూ గట్టిగా చదివించాను. చదివింది మీ నాన్న. 'తీపి లేకపోతే వాటికి బతుకు లేదు' అన్న ముక్కను రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, లేచి వెళ్ళి మా ఇంట్లో చక్కెర డబ్బా ఎత్తుకుపోయాడు. తేనె, ఖర్జూరం, అత్తిపళ్ళు వాళ్ళింటి బీరువాలో తాళం. మర్నాటి నుంచి రొట్టె కూడా బంద్. "రొట్టె నోట్లో నానితే తియ్యబడుతుందక్కా, నువ్వే కదా చిన్నప్పుడు నాకు చెప్పావు" అన్నాడు. పుదీనా టీ చప్పగా తాగుతున్నాను. గుర్రాలు కడిగిన నీళ్ళు నయం.

కానీ విను, వాడు తాళం వేశాడని నేను మానలేదు. నేనే మానాను. నాలుగు రోజుల్లో సగం చచ్చాయని నువ్వు రాశాక నాకు ఒంట్లో కొత్త బలం వచ్చింది. ఇన్నాళ్ళూ చేతులు కట్టుకుని మందు ఎక్కించుకోవడమేనా నా వంతు అని మండిపోయేది. ఇప్పుడు నాక్కూడా ఒక పని దొరికింది. ఊరందరికీ తినిపించినదాన్ని, ఈ ఒక్కదాన్ని పస్తు పెట్టలేనా? పాకం రుచి చూసి ఉమ్మేస్తున్నాను. పక్కకొట్టు జలీలా "వదినా, ఒక్క ముక్క, ఎవరూ చూడ్డం లేదు" అంది. "లోపల అది చూస్తోందే" అన్నాను.

మొదటిసారి మందు ఎక్కించారు. జుట్టు రాలుతోంది. రాలనీ, వేసవిలో తలకు గాలి ఆడుతుంది. నేను బాగున్నాను.

మీ అత్త


ట్యూనిస్,
జూన్ 3

అత్తకు,

నీ ఉత్తరం అందింది. ల్యాబులో పని ఒత్తిడి వల్ల వెంటనే రాయలేకపోయాను. తిండి విషయంలో ఏ మార్పు చేసినా ముందు డాక్టరును అడగడం మంచిది. పళ్ళెంలో జరిగేది, ఒంట్లో జరిగేది ఒకటి కాకపోవచ్చు. నీ బరువు ఎంత ఉందో తెలియజేయగలవు. నాన్నను అడిగానని చెప్పు.

దుర్సాఫ్


కైరవాన్,
జూన్ 10

ఒసే దుర్సాఫ్,

కరెంటు ఆఫీసు నుంచి నోటీసు వచ్చిందనుకున్నాను. కింద నీ పేరు చూసి ఆశ్చర్యపోయాను. 'తెలియజేయగలవు' ఏమిటే? నాకు నువ్వు పాలపళ్ళు ఊడినప్పటి నుంచి తెలుసు. నువ్వు ఏదైనా దాస్తే నీ మాటలు ఇలా ఇస్త్రీ చేసినట్టు వస్తాయి.

బరువు బాగానే ఉంది. డాక్టరమ్మ అడిగింది, అన్నీ తింటున్నానని చెప్పాను. నా పత్యం సంగతి ఆవిడకెందుకు, ఆవిడ మందు ఆవిడది, నా మందు నాది. నువ్వు దాస్తున్నదేమిటో చెప్పేదాకా నేను ఇంకో ముక్క రాయను.

మన్నూబియా


కైరవాన్,
జూలై 9

చి. దుర్సాఫ్‌కు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇచ్చట మీ అత్త ఈ ఉత్తరం సంగతి ఎరుగదు. నిన్న నాలుగవ మందుకు సూస్ తీసుకెళ్ళాను. తూచి వెనక్కు పంపివేశారు. ఏప్రిల్‌లో అరవై ఒక్క కిలోలు ఉన్నది, నిన్న నలభై ఏడు. యాభై దాటే వరకు మందు ఎక్కించేది లేదని, మందు ఆలస్యమైతే గడ్డ మళ్ళీ పెరగవచ్చునని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. తిరిగి వచ్చి కొట్టు గుమ్మంలో కళ్ళు తిరిగి పడిపోయింది. లేచిన వెంటనే బాణలి కింద మంట తగ్గించమని అరిచింది.

మరియొక సంగతి. ఆమెకు నోట రుచి పూర్తిగా పోయినది. నెల రోజుల నుంచి దాస్తున్నది. పాకం రెండుసార్లు మాడ్చినది, వాసన కూడా తెలియలేదు. పాత ఖాతాదారు ఒకరు పెట్టె తిరిగి పంపగా, అది బల్ల కింద దాచి, ఎవరూ లేనప్పుడు ఏడ్చినది. నేను చూశాను.

నేను నీ ఉత్తరం ప్రకారమే అన్నీ చేయుచున్నాను. ఒక్క పలుకు చక్కెర కూడా ఇంటి గడప దాటలేదు. అయినను గడ్డ మొదటి మూడు మందులకు తగ్గినంత తగ్గి ఆగిపోయినదట. బహుశా పత్యంలో ఎక్కడో లోపం ఉన్నది. శనగలు, చిక్కుళ్ళు కూడా ఆపవలెనా? వెంటనే వ్రాయగలవు.

మీ నాన్న
తిజానీ


ట్యూనిస్,
జూలై 10

అత్తా, నాన్నా, ఇద్దరూ కలిసి చదవండి. నిలబడి చదవకండి. అత్త చేతిలో ముందు ఏదైనా తిండి పెట్టి అప్పుడు చదవండి.

శనగలు ఆపవద్దు. ఏదీ ఆపవద్దు. ఆ బీరువా తాళం ఇప్పుడే తియ్యి నాన్నా.

నేను నాలుగో రోజు చూసి రాశాను. తొమ్మిదో రోజు పళ్ళెం మళ్ళీ నిండిపోయింది. చక్కెర లేకుండానే. చచ్చినవి చచ్చాయి, మిగిలిన కొన్ని వేరే తిండి వెతుక్కున్నాయి. గ్లూటమైన్ అని మాంసంలోనూ పప్పులోనూ ఉండే ఒక ముక్క. దాన్ని తెచ్చుకుని కాల్చుకున్నాయి, దాంతోనే గోడలు కట్టుకున్నాయి. అది నేను మే నెల నాలుగో తారీఖున చూశాను. నీ పత్యం ఉత్తరం వచ్చేనాటికే నాకు తెలుసు. చెప్పలేదు. నువ్వు అంత ఉత్సాహంగా రాశావు, 'నాక్కూడా ఒక పని దొరికింది' అన్నావు, అది లాక్కోవడానికి చేతులు రాలేదు. ఇంకో కారణం కూడా ఉంది, అది చెప్పడానికి ఇంకా సిగ్గు: నా లెక్క తప్పని ఒప్పుకోవాలి కదా. అందుకే నోటీసు రాశాను.

ఇంతకంటే పెద్ద తప్పు ఉంది. నా పళ్ళెంలో కణాలు తప్ప ఇంకేమీ లేవు. కాలేయం లేదు, కండ లేదు, నువ్వు లేవు. నువ్వు చక్కెర మానేస్తే నీ రక్తంలో చక్కెర పోదు అత్తా. నీ కాలేయం నీ కండల్ని కరిగించి చక్కెర తయారుచేసి పెడుతూనే ఉంటుంది, మెదడుకి అది లేకపోతే కుదరదు. అంటే ఈ రెండు నెలలూ ఆ గడ్డ ఎప్పటిలాగే తిన్నది. నీ తొడల్నీ, నీ చేతుల్నీ తిన్నది. పస్తున్నది నువ్వు ఒక్కదానివే. ఇది మా చదువులో మొదటి ఏడాది పాఠం. పళ్ళెం చూస్తూ చూస్తూ మనిషిని మర్చిపోయాను.

నాన్నా, ఈ కాగితం డాక్టరమ్మకు చూపించు. అత్త చెప్పిన అబద్ధం కూడా చెప్పు. నేను వచ్చే శుక్రవారం లారూసీ వ్యానులో వస్తున్నాను.

దుర్సాఫ్


కైరవాన్,
జూలై 14

దుర్సాఫ్,

రావద్దు. వస్తే గుమ్మంలోనే చెంప పగలగొడతాను. ఆ తర్వాత కావిలించుకుని ఏడుస్తాను. రెండూ చేసే ఓపిక ప్రస్తుతం లేదు. నేను యాభై దాటిన రోజున రా.

నీ ఉత్తరం మీ నాన్న చదవడం మొదలుపెట్టి సగంలో ఆపి నా చేతికిచ్చాడు. మిగతాది నేనే చదివాను. నీ మీద కోపం తగ్గలేదు. లెక్క తప్పినందుకు కాదు, పాకం ఎవరికైనా ముదురుతుంది. తప్పిందని తెలిశాక రెండు నెలలు మూత పెట్టి ఉంచావు చూడు, అందుకు. నా కొట్టులో ఆ పని ఎవరైనా చేస్తే ఆ రోజే పంపించేస్తాను. నిన్ను పంపించడానికి లేదు, మేనకోడలివి అయ్యావు.

కానీ తొమ్మిదో రోజు సంగతి చదివి నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను, మీ నాన్న భయపడ్డాడు. ఎందుకంటే ఆ పని నేనూ చేశాను. నువ్వు పుట్టక ముందు ఒక ఏడు ఖర్జూరానికి పురుగు పట్టింది. తోజర్ తోటల నుంచి ఒక్క బస్తా రాలేదు. మన వీధిలో ఐదు కొట్లు మూసేశారు. నేను అత్తిపండు ముద్ద పెట్టాను. అవీ అయిపోతే బాదం పెట్టాను, నువ్వులు పెట్టాను. కొట్టు ఒక్కరోజు మూయలేదు. అంటే నా లోపల కూర్చున్నది నా నెత్తురు తాగి నా బుద్ధే నేర్చుకుంది. మంచిది. నా బుద్ధి ఉన్నవాళ్ళతో ఎలా వేగాలో నాకంటే ఎవరికి తెలుసు?

పస్తుతో అది చావదు, నేను చస్తాను. అర్థమైంది. అయితే తింటాను. నోట్లో ఏది పెట్టినా తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టుంది. రుచి కోసం కాదు, అచ్చులో పిండి కూరినట్టు కూరుకుంటాను. గడియారం చూసి రెండు గంటలకొకసారి. వేయించిన గోధుమ పిండిలో ఆలివ్ నూనె పోసి ముద్దలు, గుడ్లు, గొర్రె మాంసం, శనగల చారు. మీ నాన్న టీలో నాలుగు చెంచాల చక్కెర వేసి, కలిపి, నేను ఖాళీ చేసేదాకా బెత్తం పట్టుకున్నట్టు నిలబడుతున్నాడు. మొన్నటిదాకా చక్కెర తాళం చెవి నడుముకి కట్టుకు తిరిగినవాడే!

డాక్టరమ్మకి అన్నీ చెప్పాను. మళ్ళీ తిట్టింది. ఆవిడ తిట్టు నాకు అలవాటైపోతోంది.

మన్నూబియా


కైరవాన్,
సెప్టెంబర్ 17

దుర్సాఫ్ తల్లికి,

ఆగస్టు ఐదున యాభై కిలోల రెండొందల గ్రాములు తూగానని నీకు తెలుసు, నువ్వు వచ్చి చెంపదెబ్బ తిని వెళ్ళావు కదా. నాలుగో మందు, ఐదో మందు అయ్యాయి. నిన్న ఆరోది, అదే ఆఖరు. గడ్డ రేగిపండంత అయింది. వచ్చే నెల ఆపరేషన్.

మధ్యలో మౌలిద్ పండగ. కొట్టు ఈసారి మూసెయ్యమని అందరూ చెప్పారు. ప్రవక్త పుట్టినరోజుకి దేశమంతా కైరవాన్ వస్తుంది, నేను తలుపు మూసుకుని పడుకోవాలా? మూసేది లేదన్నాను. పిండి పిసకడానికి జలీలా, వేయించడానికి నేను. కానీ పాకం? నా నాలుక ఇంకా చెక్కముక్కే. నలభై వాయిల పాకం రుచి చూసి నిమ్మ సరిపోయిందా, తీపి సరిపోయిందా అని చెప్పేవాళ్ళు కావాలి. చుట్టూ చూశాను. మూల బల్ల మీద మీ నాన్న కూర్చుని ఉన్నాడు.

"ఒరేయ్ తిజానీ, ఇలా రా. నా నోట్లోంచి చక్కెర లాక్కున్నావు కదా, ఇప్పుడు నా నోరు నువ్వే."

"అక్కా, నాకు పాకం సంగతి ఏం తెలుసు?"

"లెక్కలు చెప్పినవాడివి, ఎక్కువ తక్కువలు తెలియవురా?"

మూడు రోజులు, నలభై వాయిలు. ప్రతి వాయికీ చెంచా చివర అంటించుకుని కళ్ళు మూసుకునేవాడు, "చాలు, చాలు, తీపి చాలు" అనేవాడు. వాడు చాలన్నాక నేను ముంచేదాన్ని. రెండుసార్లు కూర్చున్నాను, అయినా తొమ్మిదొందల పెట్టెలు పంపాను. ఒక్క పెట్టె తిరిగి రాలేదు. ఒకావిడ మాత్రం కొరికి, ఆగి, నా తలగుడ్డ వైపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళింది. పాపం జాలి పడింది కాబోలు అనుకున్నాను. ఆ జాలికి ఒళ్ళు మండింది.

మీ అత్త


సూస్, ఆసుపత్రి,
అక్టోబర్ 14

దుర్సాఫ్,

రేపు పొద్దున్న కోస్తారు. భయంగా ఉంది. ఉందని రాయడానికి నాకేం సిగ్గు లేదు. కానీ భయంతో పాటు ఒక ఆలోచన కూడా వచ్చింది.

కోసిన గడ్డను ఏం చేస్తారని డాక్టరమ్మని అడిగాను. పరీక్షకు పంపి మిగతాది పారేస్తామంది. పారెయ్యడమేమిటి? నా ఇంట్లో కూర్చుని నా కండలు తిన్నది, అంత తేలిగ్గా పోతుందా? మా మేనకోడలు ఇలాంటివాటినే పెంచుతుంది, ఆమెకు ఇవ్వండి అన్నాను. కాగితాలున్నాయట, సంతకాలున్నాయట, కమిటీ ఉందట. నువ్వూ ఆవిడా మాట్లాడుకోండి. నా సంతకం ఇప్పుడే పెట్టేశాను. మీ నాన్న సాక్షి సంతకం పెట్టాడు, అక్షరం తిన్నగానే వచ్చింది.

ఎవరివో కణాలు పెట్టుకుని నా సంగతి చెప్పావు. ఇప్పుడు నావే పెట్టుకో. చక్కెర ఆపు. ఆ గ్లూటమైన్ ఏదో ఉందే, దాన్నీ ఆపు. మూడోది ఏది వెతుక్కుంటుందో చూసి, అది కూడా ఆపు. పళ్ళెంలో కాలేయం లేదన్నావు, కరిగించుకోవడానికి నా తొడలు లేవు అక్కడ. ఈసారి పస్తుండేది అదే. నేను కాదు.

మన్నూబియా


ట్యూనిస్,
నవంబర్ 21

అత్తా,

కోసిన గడ్డ అంచులు శుభ్రంగా ఉన్నాయని, లోపల ఏమీ మిగల్లేదని రిపోర్టు చదివి నాన్న ఫోన్లో ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నీకు చెప్పొద్దనుకున్నాం, కానీ ఇకమీదట ఏదీ మూత పెట్టనని మాటిచ్చాను కదా.

నీ గడ్డ ముక్క నా దగ్గరికి వచ్చింది. బతికి పెరగడానికి నెల పట్టింది. పళ్ళాల మీద వరుస నంబర్లు వెయ్యాలి, పేర్లు రాయకూడదు. నంబరే వేశాను. కానీ కణాల పెట్టె తలుపు తీసి వాటిని చూసినప్పుడల్లా తిడుతున్నాను, నీ మాటల్తోనే. పక్కబల్ల అమ్మాయి నాకు మతి పోయిందనుకుంటోంది.

చక్కెర ఆపాను. గ్లూటమైన్ దారికి అడ్డం వేసే మందు కూడా కలిపాను. రెండూ ఒకేసారి. ఇవాళ నాలుగో రోజు. ఎన్ని చచ్చాయో లెక్కపెట్టాను, మూడుసార్లు లెక్కపెట్టాను. ఎంతో నీకు చెప్పను. మా పెద్దసారుకీ చెప్పలేదు. తొమ్మిదో రోజు కూడా చెప్పను. ఇరవయ్యో రోజు చెబుతాను. అది ఎంతైనా సరే, నీ ఒంటికి అంటగట్టను.

నీ దుర్సాఫ్


కైరవాన్,
డిసెంబర్ 4

దుర్సాఫ్ తల్లికి,

బుద్ధొచ్చింది. సంతోషం.

బరువు యాభై మూడున్నర. జుట్టు అర అంగుళం. ఎడమ చెయ్యి పైకి ఎత్తితే లాగుతోంది, అందుకని బాణలి కుడిచేత్తో ఎత్తుతున్నాను. జనవరి నుంచి కరెంటు పెడతారట, రేడియేషన్ అంటారు. పెట్టనీ.

ఈ ఉత్తరం రాస్తున్నది ఇంకో సంగతికి. ఇవాళ పొద్దున్న పాకం దించాక అలవాటుగా వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. మొదట ఆ తుప్పే తగిలింది. కాసేపటికి నిమ్మ తగిలింది. కదలకుండా నిలబడ్డాను. తర్వాత తీపి తెలిసింది, దుర్సాఫ్! బల్ల పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఏడ్చాను, ఎవరు చూస్తే నాకేం?

ఇంకో చుక్క తీసుకుని నాలుక మీద నిలిపాను. సందేహం వచ్చింది. మూడో చుక్క కూడా చూశాను. ఇక సందేహం లేదు. మీ నాన్న వైపు తిరిగాను.

"ఒరేయ్, ఇది చప్పగా ఉందేమిట్రా?"

చెంచా తుడుస్తూ కూర్చున్నాడు.

"మౌలిద్‌కి కూడా ఇదే పోయించావా? ఊరంతటికీ? తొమ్మిదొందల పెట్టెలకీ?"

"అంత తీపి దేనికక్కా..." అన్నాడు, కిందకి చూస్తూ. "భయమేసింది. ఎవరి ఒంట్లో ఏముందో మనకేం తెలుసు?"

ఆ కొరికి ఆగిపోయినావిడ నా మీద జాలిపడలేదే, పాకం బాగాలేక ఆగింది! ముప్పై ఎనిమిదేళ్ళ పేరు మూడు రోజుల్లో ముంచేశాడు. చెంచా లాక్కుని వాణ్ణి బయట కూర్చోబెట్టాను. నేనే మూడు డబ్బాల చక్కెర పోసి, మళ్ళీ కాచి, మళ్ళీ చూసి, అప్పుడు ముంచాను. ఆ వాయి నీకు పంపుతున్నాను. రేపు ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ ఒక పెట్టె పట్టుకుని నేనే వెళ్తున్నాను.

ఇరవయ్యో రోజు లెక్క కాగితం మీద వద్దు. నువ్వే రా. వచ్చి, ముందు కూర్చుని నా ఎదురుగా నాలుగు మక్రూద్ తిను, తర్వాత చెప్పు. చచ్చాయంటే ఇంకో వాయి వేస్తాను. బతికాయంటే కూడా వేస్తాను.

మీ అత్త
మన్నూబియా